పాత స్టైల్ బేస్ గిటార్ కొనేముందు చెయ్యి ఏమంటుందో విను, అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్‌లన్నీ చదివాను. ఫెండర్ కంపెనీ బేస్ గిటార్లలో అరవైల స్టైల్ జాజ్ బేస్ తీసుకోవాలా, యాభైల స్టైల్ పి బేస్ (ప్రెసిషన్ బేస్) తీసుకోవాలా అని రోజూ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పోలిక వీడియోలు చూస్తున్నానన్నావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు. అసలు మాట ముందే చెప్పేస్తాను. టోన్‌ని తర్వాత చాలావరకు మార్చుకోవచ్చు. స్ట్రింగ్స్ మార్చి, నాబ్ తిప్పి, వేలు పెట్టే చోటు అటూ ఇటూ జరిపి ఎంతో తెచ్చుకోవచ్చు. నెక్, అంటే ఎడమ చెయ్యి పట్టుకునే పొడవాటి భాగం, అలా కాదు, ఏది కొంటే దానితోనే రోజూ గడపాలి. కాబట్టి ముందు చెయ్యి ఒప్పుకోవాలి, ఆ తర్వాతే చెవి.

ఆ వీడియోలతో చిక్కేమిటంటే, వాళ్ల స్ట్రింగ్స్ వేరు, వేళ్లు వేరు, పైగా మిక్సింగ్ చేసి పెడతారు. ఒకదాని కంటే ఇంకొకటి కాస్త గట్టిగా వినిపించినా చాలు, మన చెవి అదే బాగుందనేస్తుంది. నెక్ ఎలా ఉందో అయితే ఏ వీడియో చెప్పలేదు.

కొలతలు చూడు. రెండింటి స్కేలూ, అంటే మోగే స్ట్రింగ్ పొడవూ, 34 అంగుళాలే, కాబట్టి ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ తీగల) మధ్య దూరం ఒకటే. తేడా వెడల్పులో ఉంది. పాతకాలపు పి బేస్ నట్ (నెక్ పై చివర స్ట్రింగ్స్ ఆనే పట్టీ) దగ్గర 1.75 అంగుళాలు, దాదాపు 44 మిల్లీమీటర్లు. జాజ్ బేస్ 1.5 అంగుళాలు, 38 మిల్లీమీటర్లు. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. చేతిలోకి తీసుకుని మొదటి ఫ్రెట్ దగ్గర E స్ట్రింగ్ మీద ఎఫ్ స్వరం పట్టుకుని, అక్కణ్నుంచి జి స్ట్రింగ్ వరకు వేళ్లు చాపి ఓ పాట మొత్తం వాయించు, అప్పుడు మణికట్టే చెప్తుంది ఇంతో, ఎంతో. ఇప్పుడొచ్చే పి బేస్‌లు చాలావరకు 41, 42 మిల్లీమీటర్ల దగ్గర ఉంటున్నాయి, కాబట్టి పేరులో యాభైలు అని ఉన్నా కొలత అడిగి తెలుసుకో. నీవి సన్నని వేళ్లు, రోజంతా కీబోర్డు మీద పనిచేసే చేతులు. జాజ్ నెక్ నీకు తేలిగ్గా కుదురుతుందని నా అంచనా, కానీ నా అంచనా నమ్మి కొనకు. వెడల్పు నెక్ మీద స్ట్రింగ్స్ మధ్య చోటు ఎక్కువ దొరుకుతుంది, కొందరి చెయ్యి అక్కడే కుదురుగా ఉంటుంది.

ఇక టోన్ సంగతి. ఫెండర్ పి బేస్ 1951లో వచ్చింది, అప్పుడు దానికి ఒకే కాయిల్ పికప్ (స్ట్రింగ్ కదలికని కరెంటుగా మార్చే భాగం). మనం ఇవాళ పి బేస్ సౌండ్ అంటున్నది 1957లో రెండు ముక్కలుగా చేసిన పికప్ నుంచి వచ్చేది. E, A స్ట్రింగ్స్ కింద ఒక ముక్క, డి, జి కింద ఇంకో ముక్క. రెండూ ఒకదాని హమ్‌ని, అంటే జుయ్ మనే కరెంటు మోతని, ఒకటి కొట్టేస్తాయి. ఒక వాల్యూమ్, ఒక టోన్, ఇంకేం లేదు. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే మొరటుగా, మధ్య స్వరాల్లో ఏదో గుబ్బ ఉన్నట్టు అనిపిస్తుంది, చాలామంది అక్కడే దాన్ని పక్కన పెట్టేస్తారు. ఆ గుబ్బే బ్యాండ్‌లో దాని బలం. మన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి క్వయర్లలో కీబోర్డు వాయించేవాళ్ల ఎడమ చెయ్యి కింది స్వరాలన్నీ ఆక్రమించేస్తుంది, దానికి తోడు డోలక్, ప్యాడ్స్, కిక్ డ్రమ్. అంత గోలలో లోతు ఎక్కువున్న బేస్ కనబడకుండా పోతుంది. పి బేస్ ఆ మధ్య స్వరాలతోనే తోసుకుని బయటికొస్తుంది.

జాజ్ బేస్ 1960లో వచ్చింది, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లతో, ఒక్కోదానికి ఒక వాల్యూమ్. రెండు వాల్యూమ్‌లూ ఫుల్ పెడితే మధ్య స్వరాలు కొంత లోపలికి వెళ్లి, కింద గుండ్రంగా, పైన చురుగ్గా వస్తుంది, స్లాప్ చేస్తే, అంటే బొటనవేలితో స్ట్రింగ్‌ని కొడితే, ఆ చురుకు తెలుస్తుంది. బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే చోటు) దగ్గరి పికప్ ఒక్కటే పెడితే ముక్కుతో పాడినట్టు మొరుగుతుంది, పేరున్న బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ 1962 నాటి ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని) జాజ్ బేస్ మీద వినిపించిన రంగు ఎక్కువగా అక్కడిదే. నెక్ పికప్ ఒక్కటే పెడితే పి బేస్ దగ్గరికొస్తుంది, అదే మాత్రం కాదు. డెబ్బైల స్టైల్‌లో బ్రిడ్జ్ పికప్‌ని ఇంకాస్త బ్రిడ్జ్ వైపు జరిపారు, అందుకే వాటి సౌండ్ బిగువుగా, గాజులా ఉంటుంది. ఇంకో బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ చేతిలో ఉన్నది 1977 నాటిది. కాబట్టి కొట్లో జాజ్ బేస్ అని ఊరుకోకు, పికప్‌ల మధ్య దూరం అరవైలదా డెబ్బైలదా అని అడుగు.

జాజ్ బేస్‌తో ఒక బాధ ఉంది, నువ్వు వాయించే చోట్లకి ఇది ముఖ్యం. రెండు వాల్యూమ్‌లు సమానంగా ఉన్నంతసేపూ హమ్ ఉండదు. ఒకటి తగ్గించావా, జుయ్ మని మొదలవుతుంది. శంషాబాద్ రోడ్డు మీద ఫంక్షన్ హాళ్లలో జనరేటర్ కరెంటు, స్టేజీ పక్కనే లైట్ల కంట్రోలర్, ఎర్తింగ్ ఉందో లేదో తెలియని ఎక్స్‌టెన్షన్ బాక్స్. అలాంటి చోట పాటల మధ్య నిశ్శబ్దంలో ఆ జుయ్ అందరికీ వినిపిస్తుంది. పి బేస్‌కి ఈ టెన్షన్ లేదు. జాజ్ తీసుకుంటే కొనే రోజే సింగిల్ కాయిల్ సైజులోనే వచ్చే హమ్ లేని పికప్‌ల ధర కూడా అడిగి పెట్టుకో, మారిస్తే రంగు కొద్దిగా మారుతుందని తెలుసుకునే మార్చు.

ఇప్పుడు స్ట్రింగ్స్. నువ్వు పాత సౌండ్, పాత సౌండ్ అంటున్నదాంట్లో సగానికి పైగా కొయ్యా కాదు, పికప్పూ కాదు, స్ట్రింగ్సే అని నా నమ్మకం. అప్పట్లో బేస్‌లకి ఫ్లాట్‌వౌండ్స్ ఉండేవి, పైచుట్టు బల్లపరుపుగా ఉండి వేలు జారినా కీచుమనదు. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ వాడింది 1962 పి బేస్, దాని మీద బరువైన ఫ్లాట్స్, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు, పైగా బ్రిడ్జ్ కవర్ కింద స్పాంజి. వాయించింది చూపుడు వేలితోనే. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు చూడు. నీ దగ్గరున్న బేస్ మీదే ఇవాళ రాత్రి ఇది చేసి చూడు: గిన్నెలు తోమే కొత్త స్పాంజి వేలెడంత కోసి, బ్రిడ్జ్‌కి ఆనించి నాలుగు స్ట్రింగ్స్ కిందా దూర్చు, మరీ బిగించకు, స్ట్రింగ్‌కి తగిలితే చాలు. టోన్ నాబ్ సగం తగ్గించు. వేలు నెక్ చివర దగ్గర పెట్టి వాయించు. స్వరం టప్‌మని పుట్టి, కాస్త ఉండి, తగ్గిపోతుంది. నువ్వు వెతుకుతున్నది అదే అయితే నీకు కావలసింది కొత్త బేస్ కాకపోవచ్చు, ఒక ఫ్లాట్స్ సెట్ కావచ్చు. వాటి ధర రౌండ్‌వౌండ్స్ (గుండ్రటి చుట్టున్న మామూలు స్ట్రింగ్స్) కంటే ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి పనికొస్తాయి, మన ఎండాకాలపు చెమటకి రౌండ్స్ చచ్చిపోయినంత తొందరగా ఇవి చావవు. బిగువు ఎక్కువున్న సెట్ వేస్తే నెక్ ముందుకు వంగుతుంది, నట్ గాడి కూడా చాలకపోవచ్చు, కాబట్టి సెటప్ చేయించు, అంటే నెక్, స్ట్రింగ్స్ ఎత్తు సరిచేయించు.

చిన్న స్కేల్ వాటి గురించి కూడా అడిగావు కదా. బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ 500/1 లాంటివి 30 అంగుళాలే, లోపల డొల్ల, అందుకే బరువు లేదు, సౌండ్ బొద్దుగా పుట్టి త్వరగా ఆగిపోతుంది. గిబ్సన్ ఈబీ-3 రకానివి 30.5, మందమైన సౌండ్, బెల్టు వేసుకుని నిలబడితే బేస్ తల నేల వైపు లాగుతుంది. రెండో బేస్‌గా ముచ్చటే, నీ మొదటి మంచి బేస్‌గా వద్దు.

కొట్టుకి వెళ్లేటప్పుడు నీ కేబుల్, నీ బెల్టు పట్టుకెళ్లు. అబిడ్స్ వైపైనా, సికింద్రాబాద్‌లోనైనా ఒకే ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) రెండూ పెట్టించు, ఈక్యూ (కింది, మధ్య, పై స్వరాలు పెంచి తగ్గించే నాబ్‌లు) మొత్తం మధ్యలో, రెండింటి గట్టిదనం సమానం చేసి విను. దేనికి ఏ స్ట్రింగ్స్ ఉన్నాయో అడుగు, ఒకదానికి కొత్తవి, ఇంకోదానికి ఏడాది కిందటివి ఉంటే ఆ పోలికకి అర్థం లేదు. సోలోలు వద్దు, నువ్వు స్టేజీ మీద వాయించే పాట లైన్ వాయించు, నిలబడి, కనీసం అరగంట. జి స్ట్రింగ్ మీద ఐదు, ఆరు, ఏడు ఫ్రెట్ల దగ్గర ఒక్కో స్వరం వదిలి ఎంతసేపు ఉంటుందో గమనించు. ఫెండర్ రకం బేస్‌లలో అక్కడే ఒక స్వరం త్వరగా చచ్చిపోవడం మామూలు, కొన్నింటిలో మరీ ఎక్కువ. నెక్‌ని తల వైపు నుంచి కన్నుతో చూసి మెలిక ఉందేమో చూడు.

ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ఎక్కడ తిప్పాలో మాత్రం తప్పకుండా అడుగు. పాతదాన్ని అచ్చంగా దింపిన మోడళ్లలో అది బాడీ వైపు చివర ఉంటుంది, తిప్పాలంటే నెక్ స్క్రూలు విప్పాల్సిందే. మే నెలలో గాలంతా ఎండిపోయి, జులైలో వానలు పడేసరికి నెక్ కదులుతుంది, ఏడాదికి రెండుసార్లైనా పావు చుట్టు తిప్పాల్సి వస్తుంది. తల దగ్గర తిప్పే రకమైతే నువ్వే చేసుకుంటావు. కావాలని పెయింటు గీకి పాతదానిలా చేసినవాటికి ఎక్కువ డబ్బు పెట్టకు, ఆ డబ్బు సెటప్‌కీ స్ట్రింగ్స్‌కీ పెట్టు.

ఇంకా తేల్చుకోలేకపోతే, నా పి బేస్ ఖాళీగానే ఉంది, ఫ్లాట్స్ వేసి ఉన్నాయి. ఆదివారం చర్చి సర్వీస్ అయ్యాక లాలాగూడ వచ్చి పట్టుకెళ్లు, ఓ నెల నీ బ్యాండ్‌తో వాయించు. నీ ఫ్రెండ్ జాజ్ బేస్ కూడా ఓ రిహార్సల్‌కి అడిగి తెచ్చుకో. రెండూ వాయిస్తున్నప్పుడు రికార్డు చెయ్యి, ఫోన్‌ని ఆంప్ దగ్గర కాదు, జనం నిలబడే చోట పెట్టి. ఆ రికార్డింగ్‌లు నాకు పంపు, విని చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకు. వచ్చేటప్పుడు గిగ్ బ్యాగ్ తెచ్చుకో, నా దాని జిప్పు పోయింది.

మీ మామ