మదుపరుల ప్రశ్నలు: ఉదయం తొమ్మిది గంటల వేలంపాట

ప్రశ్న: నిన్న 96 రూపాయల దగ్గర ముగిసిన షేరును కొందామని ఈ ఉదయం 9 గంటల 5 నిమిషాలకు మార్కెట్ ఆర్డర్ (ధర చెప్పకుండా, మార్కెట్లో పలికే ధరకే కొంటాననే ఆర్డర్) పెట్టాను. యాప్‌లో ధర క్షణానికో రకంగా మారి, చివరకు 100 రూపాయలకు వచ్చింది. బ్రోకరు ఎక్కువ వసూలు చేశారా?
- ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: బ్రోకరు తప్పేమీ లేదు, మీకు తెలియకుండానే మీరు ఒక వేలంపాటలో పాల్గొన్నారు. 2010 అక్టోబరు నుంచి మన ఎక్స్ఛేంజీలలో 9 గంటల నుంచి 9.15 వరకు ప్రీ ఓపెన్ సెషన్ నడుస్తోంది. మొదటి ఎనిమిది నిమిషాలలోపు ఆర్డర్లను సేకరించి, ఎక్కువ షేర్లు ఏ ధర వద్ద చేతులు మారగలవో లెక్కగట్టి, ఆ ఒక్క ధరకే లావాదేవీలన్నీ పూర్తిచేస్తారు. ఉదాహరణకు 98 వద్ద కొనేవారు 900 షేర్లు అడుగుతుండగా అమ్మేవారు 200 మాత్రమే ఇస్తామంటే చేతులు మారేవి 200. 102 వద్ద అడిగేవి 300, అమ్మకానికి వచ్చినవి 800 అయితే 300. 100 వద్ద అడిగేవి 600, వచ్చినవి 550 అయితే 550. కనుక ధర 100 రూపాయలు.

మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వచ్చే వేళకు కొనేవారంతా ఒకచోట చేరి పాడే పాటలో పలికే ధరకు, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగేటప్పుడు ఒక్కో గుమ్మం ముందు పలికే ధరకు ఉన్న తేడాయే ఈ వేలానికీ, 9.15 తర్వాత సాగే మామూలు ట్రేడింగ్‌కూ మధ్య ఉంది. రాత్రి వచ్చిన వార్తలన్నీ కలిసి మార్కెట్ తెరిచీ తెరవగానే రెండు మూడు చిన్న ఆర్డర్ల మీద పడితే ధర ఎటైనా ఎగిరిపోగలదు; అందరినీ కాసేపు ఆపి ఒకేసారి కలిపితే ఆ ఊపు తగ్గుతుంది. చివరి క్షణంలో పెద్ద ఆర్డరు పెట్టి ధరను వంచే ఎత్తుగడను అడ్డుకోవడానికి ఆర్డర్ల స్వీకరణను ఏడో, ఎనిమిదో నిమిషాల మధ్య ఎప్పుడైనా ముగిస్తారు. అయితే పాటకు ఇద్దరే వస్తే వేలం వల్ల ఒరిగేదేమీ ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. ఆ వేళలో లిమిట్ ఆర్డర్, అంటే ధర హద్దును మీరే చెప్పే ఆర్డర్, పెట్టడమే నయం.

ప్రశ్న: నా దగ్గరున్న ఒక చిన్న కంపెనీ షేరు రోజూ లోయర్ సర్క్యూట్‌లో (ఒక రోజులో ధర పడగల కనిష్ఠ హద్దు వద్ద) ఆగిపోతోంది. అమ్ముదామంటే కొనేవారు లేరు. ఇది మదుపరికి రక్షణా, శిక్షా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: నా దృష్టిలో రెండూ. 100 రూపాయల షేరు అసలు విలువ 60 అని అందరూ అనుకున్నా, రోజుకు 5 శాతానికి మించి పడకూడదన్న నిబంధన ఉంటే ఆ ధరకు చేరడానికి పది రోజులు పడుతుంది. ఒడిదుడుకులు తగ్గినట్టు కాగితం మీద కనిపిస్తాయే తప్ప, అవి పది రోజులకు పరచుకున్నాయంతే. ఈలోగా, కావలసినప్పుడు అమ్ముకోగలగడం అనే లిక్విడిటీ మాయమవుతుంది. రేపు ఇంకా చౌకగా దొరుకుతుందని తెలిశాక ఇవాళ ఎవరు కొంటారు? డెరివేటివ్స్ (షేరు ధర ఆధారంగా నడిచే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాలు) ఉన్న పెద్ద షేర్లకు ఇలాంటి స్థిరమైన హద్దు ఉండదు.

సూచీలు బాగా కదిలినప్పుడు మార్కెట్ మొత్తానికి వర్తించే సర్క్యూట్ బ్రేకర్ వేరు, అది ట్రేడింగ్‌ను కాసేపు ఆపి మళ్లీ వేలంతోనే తెరుస్తుంది. 2020 మార్చి 13న సూచీలు 10 శాతం పడిపోగా ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. తిరిగి తెరిచాక కోలుకున్న సెన్సెక్స్ ఆ రోజు 1,325 పాయింట్ల లాభంతో ముగిసింది. అదే నెల 23న అదే నిబంధన, అంతే విరామం, అయినా 13 శాతానికి పైగా నష్టం. ఆ విరామం ధరను నిర్ణయించదు, ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. లావాదేవీలు బాగా తక్కువగా ఉన్న షేర్లకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013లో గంటకోసారి వేలం పద్ధతి తెచ్చింది కూడా, చెదురుమదురుగా వచ్చే కొద్దిమంది ఒకే వేళకు కలుస్తారన్న ఉద్దేశంతోనే.

మీరు బయటపడాలనుకుంటే, ఒకే ధర వద్ద ముందు వచ్చిన ఆర్డరుకే ముందు వంతు కనుక, మధ్యాహ్నం దాకా ఆగకుండా ఉదయమే ఆ రోజు కనిష్ఠ హద్దు ధరకు లిమిట్ ఆర్డర్ పెట్టి వరసలో నిలబడండి.