కిటికీ జరగదు, గడియ పడదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కొత్తపట్నం, సముద్రం దగ్గర ఇల్లు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు పెట్టించి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు రెండు చేతులతో లాగితేగాని కదలడం లేదు. కొబ్బరినూనె వేస్తే నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొండికేస్తున్నాయి. ఈదురుగాలితో వాన పడితే నీళ్లు గదిలోకి వస్తున్నాయి. మొత్తం మార్చేయమంటున్నారు. తప్పదా అండీ?

జవాబు: ఫ్రేము వంకర పోలేదు, మూలలు విడిపోలేదు అంటే మార్చనక్కర్లేదు. అరిగినవి కింది చక్రాలు. ఒక్కో తలుపు అడుగున రెండుంటాయి, షాపులో బేరింగులని అడగండి. ఉప్పుగాలికి లోపలి ఉక్కు గుండ్లు తుప్పు పట్టి చక్రం తిరగడం మానేస్తుంది. మనం లాగడం మానం కదా, ఆ చక్రం ఒకవైపే అరిగి చదునై, కింది రైలును, అంటే ట్రాకులో చక్రం నడిచే సన్నటి గట్టును, కోరేస్తుంది. నూనె వేసిన చోట ఇసుక అంటుకుని ముద్ద కడుతుంది కాబట్టే మీకు నాలుగు రోజుల సుఖం.

తలుపు తీయడానికి ఇద్దరుండాలి. ముందు గదివైపు తలుపు. రెండు పక్కలా పట్టుకుని పైకెత్తితే పై ట్రాకులోకి దూరుతుంది, అప్పుడు అడుగుభాగం మీవైపు లాగితే ఊడి వస్తుంది. లేవలేదంటే పైన అడ్డు ముక్క బిగించి ఉంటారు, దాని స్క్రూ తీయండి, బలప్రయోగం వద్దు. మేడ మీద బయటివైపు తలుపు జోలికి మాత్రం మీరు పోకండి, పనివాళ్లనే పిలవండి. కొన్ని రకాల్లో ఒక స్క్రూ తీస్తే బేరింగు చేతికొస్తుంది. పాతరకంలో పక్క పట్టీల స్క్రూలు విప్పి, కింది పట్టీని చెక్కసుత్తితో మెల్లగా తట్టి వేరుచేయాలి. పాత బేరింగు షాపుకు తీసుకెళ్లండి. ఎత్తు 2 మిల్లీమీటర్లు తేడా వచ్చినా తలుపు పైన రాసుకుంటుంది, లేదా లాకు అందదు. నైలాన్ చక్రం, లోపల స్టెయిన్‌లెస్ స్టీలు గుండ్లు ఉన్నదే అడగండి. ఒకటే పాడైనా రెండూ మార్చాలి.

తలుపు బయట ఉండగానే రైలు మీద గోరు నడిపించి చూడండి. గోరు తట్టుకునే గాడి ఉంటే కొత్త చక్రం కూడా నిలవదు. రైలు మీద తొడిగే సన్నటి స్టీలు పట్టీ వేయించుకోండి.

ఇక వాననీళ్లు. కింది ట్రాకుకు బయటివైపు సన్నటి చీలికల్లాంటి రంధ్రాలుంటాయి. ట్రాకులో చేరిన నీళ్లు పోయే దారి అవే. సున్నాలప్పుడు లప్పంతోనో, లీకని భయపడి సిలికాన్‌తోనో వాటిని మూసేస్తుంటారు. ట్రాకులో అర చెంబు నీళ్లు పోయండి. నిమిషంలో బయటికి పోకపోతే పుల్లతో పొడిచి తెరవండి. తలుపు అంచున గాడిలో ఉండే బ్రష్, అంటే కుచ్చులాంటి పట్టీ, అణిగిపోతే గాలి, జల్లు రెండూ వస్తాయి. పటకారుతో పాతది లాగేసి కొత్తది దూర్చండి. సాగదీసి దూరిస్తే తర్వాత ముడుచుకుని మూల ఖాళీ అవుతుంది. గాజు చుట్టూ ఉండే రబ్బరుకీ అదే జబ్బు.

ట్రాకుకు సిలికాన్ స్ప్రే చాలు. ఉప్పు పొర కట్టకుండా వారానికోసారి మంచినీళ్లతో కడగండి. బాత్రూం యాసిడ్ తగలనీయకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది.

ప్రశ్న: కందుకూరులో మా పాత ఇంటి టేకు కిటికీ రెక్క వానలకు బిగుసుకుపోయింది, గడియ పడడం లేదు. చిత్రిక పట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మన దక్షిణ కోస్తాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీకంలో చిత్రిక పట్టిస్తే చైత్రానికి వేలు దూరే సందు మిగులుతుంది. ముందు రెక్క ఎక్కడ రాసుకుంటుందో చూడండి. నిలువు పొడవునా రాసుకుంటే కర్ర ఉబ్బింది. పై మడతబందు దగ్గర సందు పెరిగి, గడియ వైపు కింది మూల మాత్రమే ఆనుతుంటే బందు వదులైంది, కర్ర తప్పేం లేదు.

బందుకైతే రెక్క కింద చెక్క చీలిక పెట్టి బరువు ఆపి, ఒక్కో బందే విప్పండి. పాత రంధ్రంలో స్క్రూడ్రైవర్ మెత్తగా దిగిపోతే చెదలో, కుళ్లో ఉన్నట్టు, వడ్రంగికి చూపించాలి. గట్టిగా ఉంటే ఫెవికాల్ ముంచిన వెదురు పుల్లలు బిగుతుగా దిగ్గొట్టి, ఒకరోజు ఆరనిచ్చి, ఉలితో అంచుకు చదును చేయండి. స్క్రూ కంటే సన్నటి రంధ్రం వేసి, అంగుళం స్క్రూ ఉన్నచోట అంగుళంపావుది వాడండి. ఇత్తడి స్క్రూలైతే నేరుగా తిప్పితే తల తెగి లోపలే ఉండిపోతుంది. అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసి, ఆ దారిలో కొవ్వొత్తి రుద్దిన ఇత్తడిది ఎక్కించండి.

ఉబ్బిందే నిజమైతే ఫిబ్రవరి, మార్చిలో పని పెట్టుకోండి. చిత్రిక పట్టిన అంచులకు, రెక్క అడుగు అంచుకు కూడా ప్రైమరు, రంగు రెండు పూతలు పడాలి. కంటికి కనపడదని అడుగును వదిలేస్తుంటారు, కర్ర నీళ్లు తాగేది అక్కడే.

ప్రశ్న: దోమల జాలీ ఏడాదికే తెల్లబారి చిరుగుతోంది. ఏది వేయాలి? (మైపాడు)

జవాబు: మీది అల్యూమినియం జాలీ. తీరంలో ఫైబర్ జాలీ నయం, పిల్లి గీరే ఇంట్లో స్టీలుది. ఫ్రేము కొలతకు నాలుగువైపులా రెండంగుళాలు ఎక్కువ కోయించి, గాడిలో రబ్బరు తాడు నొక్కాక మిగులు తీసేయండి. తాడు లావు కలవాలి, పాత ముక్క జేబులో వేసుకుని షాపుకు వెళ్లండి.