ప్రాసెసర్ పూల్ కట్టినా రిపోర్టు నడిచినప్పుడు బిల్లింగ్ ఎందుకు ఆగుతోంది?

సొలారిస్ 10 (సర్వర్లలో వాడే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్)లో పూల్‌సీఎఫ్‌జీ అనే ఆదేశంతో రిపోర్టులకు వేరే ప్రాసెసర్ సెట్ (వాటికే కేటాయించిన ప్రాసెసర్ల గుంపు) తయారు చేశానని, ఎర్రర్ ఏదీ రాలేదని, అయినా రిపోర్టు మొదలవగానే బిల్లింగ్ ఆగిపోతోందని రాశారు. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ సర్వర్ చూసుకునే రోజుల్లో నాకూ అచ్చం ఇదే జరిగిందండీ.

మార్చి నెల, మిర్చి సీజన్ మంచి ఊపు మీద ఉంది. మిర్చి టిక్కీల (బస్తాల) లారీలు గేటు బయట బారులు తీరి ఉండేవి. కాటా దగ్గర గుమస్తా తూకం ఎక్కించి ఎంటర్ నొక్కితే రసీదు వచ్చేసరికి నిమిషం దాటేది. లోపల ఆఫీసులో ఎవరో నిల్వల రిపోర్టు పెట్టి ఉండేవారు. తెల్లవారుజామున ఊళ్లో బయల్దేరిన రైతు ఎండలో నిలబడి ఆ స్క్రీన్ వంకే చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

మీ దగ్గర మొదట చూడాల్సింది ఇది. మామూలుగా పూల్‌సీఎఫ్‌జీ రాసేదంతా ఈటీసీ కింద ఉండే పూల్‌ఏడీఎం డాట్ కాన్ఫ్ ఫైల్లోకే వెళ్తుంది. నడుస్తున్న కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) ఆ సంగతే తెలీదు. ముందు పూల్‌ఏడీఎం (పూల్స్‌ను అమలు చేసే ఆదేశం) హైఫన్ ఈ కొట్టి పూల్స్ సదుపాయం ఆన్ చేయాలి. హైఫన్ ఎస్ కొడితే ఇప్పుడున్న అమరిక ఫైల్లో పడుతుంది. ఆ తర్వాతే పూల్‌సీఎఫ్‌జీతో పీసెట్ (ప్రాసెసర్ సెట్), పూల్ (ప్రాసెస్‌లను ఆ సెట్‌కు కట్టేది) తయారు చేసి, అసోసియేట్ మాటతో రెండింటినీ కలపాలి. పీసెట్ డాట్ మిన్, పీసెట్ డాట్ మ్యాక్స్ (సెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ ప్రాసెసర్ల సంఖ్య) ముందు యూఇంట్ అని రాయడం మరవకండి. చివర్లో పూల్‌ఏడీఎం హైఫన్ సీ కొడితేనే అదంతా అమల్లోకి వస్తుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. హైఫన్ సీ అంటే పూల్‌సీఎఫ్‌జీలో ఆజ్ఞ, పూల్‌ఏడీఎంలో అమలు. దానికి ముందు హైఫన్ ఎన్ కూడా చేరిస్తే ఏమీ మార్చకుండా సరిచూసి మాత్రమే చెబుతుంది. సీజన్లో ఉన్న సర్వర్ మీద అది చూడకుండా ముందుకెళ్లొద్దు. ఇంకొకటి, పూల్స్ ఆన్‌లో ఉండగా పాత పీఎస్ఆర్‌సెట్ ఆదేశంతో సెట్లు కట్టడం కుదరదు. రెండింటిలో ఒకటే వాడాలి.

ఇదంతా చేశాక కూడా మాకు తేడా కనిపించలేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. రిపోర్టు స్క్రిప్టును పూల్‌బైండ్ (ప్రాసెస్‌ను పూల్‌కు కట్టే ఆదేశం)తో రిపోర్టు పూల్‌కు కట్టేశాను, హైఫన్ క్యూతో అడిగితే అదే పూల్ పేరు చూపించేది. కానీ పీఆర్‌స్టాట్ (ఏ ప్రాసెస్ ఎంత సీపీయూ వాడుతోందో చూపేది) పెట్టి చూస్తే ఆ స్క్రిప్టు ఖాళీగా కూర్చుని ఉంది, కష్టమంతా ఒరాకిల్ డేటాబేస్ ప్రాసెస్ చేస్తోంది. స్క్రిప్టు లిజనర్ (డేటాబేస్‌కు వచ్చే కనెక్షన్లు అందుకునేది) ద్వారా కనెక్ట్ అవుతోంది కాబట్టి ఆ ప్రాసెస్‌ను పుట్టించింది లిజనర్. బిడ్డకు తల్లి పూలే వస్తుంది, లిజనర్ ఉన్నది పూల్ డిఫాల్ట్‌లో (వేరేగా చెప్పకపోతే అన్నీ ఉండే పూల్). అంటే నేను కట్టేసింది పని చేయనివాడిని!

అదే సర్వర్ మీద నడిచే రిపోర్టు కాబట్టి కనెక్షన్‌లో లిజనర్ పేరు తీసేసి నేరుగా కలిసేలా మార్చాం. అప్పుడు ఒరాకిల్ ప్రాసెస్ స్క్రిప్టుకే బిడ్డగా పుట్టి, రిపోర్టు పూల్లోనే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం నుంచి కాటా దగ్గర రసీదు మళ్లీ వెంటనే రావడం మొదలైంది.

ప్రతిసారీ చేత్తో కట్టే పని లేకుండా రిపోర్టులకు వేరే యూజర్ పెట్టి, ఆ యూజర్ ప్రాజెక్టుకు (సొలారిస్‌లో పనులను ఒక గుంపుగా చూసే అమరిక) ప్రాజెక్ట్ డాట్ పూల్ గుణం ఇచ్చాం. క్రాన్ (టైముకు పనులు మొదలుపెట్టేది) నుంచి నడిచినా సరైన పూల్లోనే మొదలవుతుంది. అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌లకు మాత్రం ఇది వర్తించదు, వాటిని పూల్‌బైండ్‌తో మార్చాలి.

మీది సన్ టీ2000 లాంటి సర్వర్ అయితే ఇంకో మాట. మాకు సీపీయూలు 32 కనిపించేవి కానీ అసలు కోర్లు 8. కోరుకు నాలుగు థ్రెడ్లు (ఒక్కోటి ఒక సీపీయూలా కనిపిస్తుంది), ఆ నాలుగూ ఒకే పైప్‌లైన్ (ఆజ్ఞలు అమలయ్యే దారి) పంచుకుంటాయి. ఒక కోరులో రెండు థ్రెడ్లు బిల్లింగ్‌కు, రెండు రిపోర్టుకు పడితే విడదీసీ లాభం లేదు. అందుకే సెట్ సైజు నాలుగు గుణిజాల్లో పెట్టండి. మేం 8 ఇచ్చాం. ఉత్తి పూల్‌ఏడీఎం కొట్టి ఏ నంబరు ఏ సెట్‌లో ఉందో చూసి, తప్పుగా పడినవాటిని పూల్‌సీఎఫ్‌జీ హైఫన్ డీతో ట్రాన్స్‌ఫర్ చేయండి. హైఫన్ డీ నేరుగా కెర్నెల్లోనే మారుస్తుంది కాబట్టి తర్వాత హైఫన్ ఎస్‌తో భద్రపరచాలి, రీబూట్ అయ్యాక నంబర్లు మళ్లీ చూసుకోవాలి. ఆ చిప్‌లో దశాంశ లెక్కల (ఫ్లోటింగ్ పాయింట్) యూనిట్ కోర్లన్నిటికీ కలిపి ఒక్కటే. అలాంటి లెక్కలు ఎక్కువున్న రిపోర్టును ఏ పూలూ పూర్తిగా వేరు చేయలేదు, దాన్ని రాత్రికి మార్చడమే మంచిది.

ఈసారి రిపోర్టు నడుస్తున్నప్పుడు పీఆర్‌స్టాట్‌లో అన్నిటికంటే పైనున్న ప్రాసెస్ నంబరు తీసుకుని పూల్‌బైండ్ హైఫన్ క్యూతో అడగండి. ఏ పూల్ పేరు వచ్చిందో ఇక్కడ రాయండి, అక్కడి నుంచి చూద్దాం.