కట్టె కుదిరినంకనే నీళ్ళు పొయ్యి

అల్లుడా,

నువ్వు పంపిన ఫొటో చూసిన. రెండు ఫీట్ల చేపల ట్యాంక్ మొదటిసారికి సరిపోతది. లోపల అందానికి పెట్టే ఎండు కట్టె (డ్రిఫ్ట్‌వుడ్) గూడ మంచిదే దొరికింది, కానీ దాన్ని తీస్కపోయి నట్టనడుమ నిలబెట్టినవ్ చూడు, అచ్చం బతుకమ్మను పెట్టినట్టున్నది. బతుకమ్మ నడుమ ఉండాలె గని కట్టె ఎందుకు రా?

నీళ్ళు ఇంకా పొయ్యలేదు కదా, ఆగు. ముందు ఫ్లోర్ మీద చాక్‌పీస్‌తోని ట్యాంక్ సైజు డబ్బా గియ్యి, దాంట్ల ఇసుక పోసి కట్టె పెట్టు. నిలబడి చూడకు, కింద బోర్లపడి గడ్డం నేలకు ఆనిచ్చి చూడు, ట్యాంక్ స్టాండ్ ఎక్కినంక నీ కండ్లకు కనపడేది గదే. తిప్పు, పండబెట్టు, తలకిందులు చెయ్యి. నేను ఒక కట్టెను నాలుగు రోజులు హాల్ల అటిటు తిప్పిన, మీ అత్త ఊడ్చినప్పుడల్ల తిట్టుడే, ఆఖరికి ఆమె చీపురుతోని పక్కకు నూకితే ఎట్ల పడ్డదో గట్లనే బాగుండె, గట్లనే పెట్టేసిన.

ట్యాంక్ పొడుగు 60 సెంటీమీటర్లల్ల 20 కాడనో 40 కాడనో కట్టె మొదలును పెట్టి, కొమ్మలు ఖాళీ దిక్కు సాగేటట్టు చూస్కో. ఆ ఖాళీ చూస్తే చేతులు ఊకుండయి, ఏదన్న బొమ్మనో శంఖమో పెడదామనిపిస్తది, పెట్టకు. జపాన్ల తకాషి అమానో అని ఒకాయన ఉండె, ఫొటోగ్రాఫర్, 2015ల పోయిండు, నేచర్ అక్వేరియం అని ఈ పద్ధతి తెచ్చింది ఆయననే, ఆయన ట్యాంకుల ఫొటోలు చూడు, ఖాళీ జాగ ఎట్ల విడిచిపెడ్తడో తెలుస్తది.

ఇసుక ముందట 3 సెంటీమీటర్లు, వెనక 8 దాకా పొయ్యి, వాలు ఉంటే లోతు కనపడ్తది. జారకుండ రాళ్ళు అడ్డం పెట్టు, మీ కరీంనగర్ల గ్రానైట్‌కేం కొదువ. వేరే రాయైతే మీద వెనిగర్ చుక్కలేసి చూడు, బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే, పక్కన పడెయ్యి.

ఇగ అసలు సంగతి. నా మొదటి ట్యాంక్‌కు కట్టె అమ్మినాయన నానబెట్టిందే సార్ అన్నడు, నేను నమ్మిన. రాత్రి రెండింటికి ధడ్ మని చప్పుడైతే లేచి చూస్తే కట్టె తేలి మూతకు తన్నింది, నాటిన మొక్కలన్నీ ఊడొచ్చినయ్, వారం దినాలకు నీళ్ళు డికాషన్ లెక్క అయినయ్. రామప్ప గుడి ఇటుకలు నీళ్ళ మీద తేలుతయని అందరు గొప్పగ చెప్తరు, మనకేమో మునిగేది కావాలె! అందుకే మంచిగ ఉడకబెట్టి, రోజు నీళ్ళు మారుస్తు బకెట్ల రెండు మూడు వారాలు నానబెట్టు. ఇడిచిపెడితే దానంతట అది అడుగుకు పోయి కూసోవాలె, అంత ఓపిక లేకపోతే కింద గ్రానైట్ ముక్కకు హోల్ ఏయించి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూతోని బిగియ్యి. రెండు అద్దాల నడుమ మాత్రం ఇరికియ్యకు, నాని ఉబ్బితే అద్దానికి పైలం. పచ్చి కొమ్మలు అసలే వద్దు, కుళ్ళి నీళ్ళు ఖరాబైతయ్.

అనుబియాస్, జావా ఫెర్న్ అనే నీటి మొక్కలను కట్టెకే కట్టు, కాటన్ దారం చాలు. వాటికి అల్లం కొమ్ములెక్క ఒక కాండం ఉంటది, అది ఇసుకల పూడిస్తే కుళ్ళుతది, ఏర్లు మాత్రమే ఇసుకలకు పోతే ఏం కాదు. కొమ్మ ఇసుకల దిగే కాడ, కట్టెకు రాయికి నడుమ సందులల్ల ఇవి పెడితే అతుకు కనపడది. సన్న కొమ్మల చివర్లకు జావా మాస్ అనే నాచు, వెనక మూలకు పొడుగు ఆకుల వాలిస్నేరియా. గంతే, పది రకాలు కొనకు.

కొన్ని రోజులకు కట్టె మీద తెల్లగ జిగురు లెక్క వస్తది, భయపడి తీసి పారెయ్యకు, దానంతట అదే పోతది, లేకపోతే పాత టూత్ బ్రష్‌తోని రుద్దు. లైట్ ఆరేడు గంటలు చాలు. చేపలు నెల దాటినంకనే, నీ చిన్న తమ్ముడు ఎంత ఏడ్చినా సరే.

ఫ్లోర్ మీద పెట్టినంక ఫొటో పంపు, బోర్లపడి తీసింది పంపు, నిలబడి తీసింది నాకొద్దు.

మీ మామ, హన్మకొండ