నెట్ పెట్టించుకునే ముందు వాచ్‌మన్‌ని అడుగు

చిరంజీవి స్వాతికి,

అత్తయ్య ఆశీస్సులు. నిజాంపేట ఫ్లాట్‌లోకి మారుతున్నారని తెలిసి సంతోషం. నాలుగు ప్లాన్ల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి "ఏది చవక అత్తయ్యా?" అని అడిగావు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీగా ఉన్నన్నాళ్లూ ఎవరింట్లో నెట్ పోయినా ముందు మోగింది మా ఇంటి బెల్లే కాబట్టి, ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటా.

ఆ ఫొటోలు పక్కన పెట్టు. కిందికి దిగి మీ వాచ్‌మన్‌ని అడుగు: ఈ బిల్డింగ్‌లోకి ఎవరెవరి లైన్లు వచ్చాయి, లైన్ పోతే ఎవరి కుర్రాడు తొందరగా వస్తాడు? పైన పేరు ఎంత పెద్దదైనా, చాలా కాలనీల్లో ఇంటి దాకా వైరు లాగేది, తెగితే వచ్చి అతికించేది స్థానిక ఆపరేటరే. అందుకే ఒకే కంపెనీ ఒక వీధిలో బంగారం, పక్క వీధిలో తలనొప్పి. మీ పైఫ్లాట్ వాళ్లనీ, కిందిఫ్లాట్ వాళ్లనీ కూడా అడుగు. రాత్రి తొమ్మిదికి అందరూ టీవీల ముందు కూర్చున్నప్పుడు ఎలా వస్తోందో వాళ్లే చెప్పాలి. మధ్యాహ్నం సేల్స్ అబ్బాయి తన ఫోన్‌లో చూపించే స్పీడ్ టెస్ట్ నమ్మకు.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. ఫైబర్, అంటే వెలుతురుతో నెట్ మోసే సన్నటి గాజు తీగ, మీ ఇంట్లోకే వస్తుందా, స్తంభం దాకా వచ్చి అక్కణ్నుంచి మామూలు లాన్ వైరు (రాగి తీగ) లాగుతారా? రెండో పద్ధతిలో దారిలో ఎక్కడో ఒక స్విచ్ బాక్సు ఉంటుంది. దానికి కరెంటు ఎవరి ఇంటి నుంచో తీసుకుంటారు. అక్కడ కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. మా బ్లాకులో కొన్నాళ్లు ఇదే గోల. చివరికి చూస్తే ఆ బాక్సు ప్లగ్గు పక్క వీధి కిరాణా కొట్టులో ఉంది, ఆయన రాత్రి షట్టర్ వేస్తూ మెయిన్ కట్టేస్తున్నాడు! ఇంటి దాకా ఫైబరే అయితే మధ్యలో లైనుని పాయలుగా చీల్చే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు. రూటర్‌కి ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనుక్కుంటే మీటింగ్ మధ్యలో కరెంటు పోయినా మీ ఆయనకి టెన్షన్ ఉండదు.

వైరు ఏ దారిన వస్తోందో కూడా ఒకసారి కళ్లారా చూడు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్రలో కరెంటు షాక్‌తో ప్రాణాలు పోయాక, కరెంటు స్తంభాలకు వేలాడే కేబుళ్లను విద్యుత్ సిబ్బంది కత్తిరించుకుంటూ పోయారు. నగరంలో ఎన్నో ఇళ్లకు నెట్ ఆగిపోయింది. మీ వీధిలో స్తంభం మీద నుంచి కాకుండా భూమిలోంచి వచ్చే లైను ఉంటే, నెలకి వంద ఎక్కువైనా నేను దాన్నే తీసుకుంటాను.

ఇక ధర. 799 అని రాసింది చూసి లెక్క వేసుకోకు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 942 రూపాయల 82 పైసలు. ఇన్‌స్టాలేషన్ ఉచితం అంటే సాధారణంగా ఆరు నెలలు ముందే కట్టమంటారు, అంటే ఇదే ప్లాన్‌కి 5,657 దాకా. కొత్త లైనుకి అంత డబ్బు ఒకేసారి పెట్టకు. ఇన్‌స్టాలేషన్‌కి వేరే కట్టాల్సి వచ్చినా సరే, ఒక నెల వాడి చూడు. రూటర్ మీదా వాళ్లదా, డిపాజిట్ ఎంత, మానేస్తే తిరిగిస్తారా అన్నది రసీదు మీద రాయించుకో. అన్‌లిమిటెడ్ అన్న చాలా ప్లాన్లకు నెలకి 3300 జీబీ హద్దు ఉంటుంది. ఇద్దరికి అది తరగదులే.

స్పీడు సంగతి. మీ ఇద్దరికీ 100 ఎంబీపీఎస్ చాలు. అది సెకనుకి ఇన్ని మెగాబిట్లు అన్న లెక్క, ఎనిమిదితో భాగిస్తే సెకనుకి పన్నెండున్నర ఎంబీ. ఒక జీబీ సినిమా దిగడానికి నిమిషంన్నర లోపే. మీ ఆయనకి ఇంటి నుంచే పని కాబట్టి అప్‌లోడ్ (మన నుంచి బయటికి పోయే స్పీడు) ఎంతో విడిగా అడుగు. వీడియో కాల్‌లో మన మొహం అవతలివాళ్లకి సరిగ్గా కనపడేది దాని మీదే.

అసలు గొడవ చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. వైరు గుమ్మం పక్క నుంచి వస్తుంది కదా అని వచ్చినవాడు చెప్పుల స్టాండు మీదే రూటర్ బిగించి పోతాడు. ఒప్పుకోకు. హాలు మధ్యకి, కాస్త ఎత్తులో పెట్టించు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగానే ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బాగా బలహీనపడుతుంది, 2.4 ఇంకాస్త బాగా దాటుతుంది కానీ నెమ్మది. ఆఫీసు బల్ల దగ్గరికి మాత్రం ఒక లాన్ వైరు లాగించు, వైఫైతో పనే ఉండదు. ఆ సన్నటి ఫైబర్ తీగని తలుపు సందులో నలపకండి, మడవకండి.

నెట్ పోతే ముందు డబ్బా మీద లైట్లు చూడు. 'లాస్' (LOS) అన్న లైటు ఎర్రగా కొట్టుకుంటోందంటే ఫైబర్‌లోంచి వెలుతురు రావట్లేదని. ఎక్కడో తెగింది, లేదా పిన్ను వదులైంది. పిన్ను ఒకసారి చూసి, సరిగ్గానే ఉంటే ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యి. ఆఫ్ చేసి ఆన్ చేస్తూ కూర్చుంటే ఏమీ రాదు. లైట్లన్నీ పచ్చగానే ఉండి నెట్ రాకపోతే రీఛార్జి తేదీ దాటిందేమో చూడు, అప్పుడు రీస్టార్ట్ చెయ్యి. నెట్ ఉండీ నత్తనడక నడిస్తే ల్యాప్‌టాప్‌లో ముందు రూటర్‌ని పింగ్ చెయ్యి (అంటే పలకరించి ఎంతసేపట్లో పలుకుతుందో చూడటం), తర్వాత గూగుల్ వాళ్ల సర్వర్ 8.8.8.8ని. రూటరే ఆలస్యంగా పలికితే తప్పు మీ వైఫైది. రూటర్ వెంటనే పలికి రెండోది తడబడితే అప్పుడు వాళ్లతో గట్టిగా మాట్లాడొచ్చు.

ఫిర్యాదు చేసినప్పుడల్లా నంబరు తీసుకో. కుర్రాడికి వాట్సాప్ పెడితే అది ఫిర్యాదు కింద లెక్క కాదు. నంబరున్నా పట్టించుకోకపోతే కంపెనీలోనే అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, దానికి ఫీజు కూడా లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తానని బెదిరించేవాళ్లున్నారు కానీ ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు.

వాచ్‌మన్ ఏమన్నాడో ఆదివారం లోపు చెప్పు. వైరు లాగేవాడు వచ్చిన రోజు వీడియో కాల్ చెయ్యి, రూటర్ ఎక్కడ బిగిస్తున్నాడో నేనూ చూస్తాను.

ప్రేమతో,
అత్తయ్య