పూరీ తిన్నాక రెండు గంటలకే కాదు, నాలుగు గంటలకూ షుగర్ చూడండి

మీ అమ్మగారు షుగర్ గోలీలు వాడుతున్నారు, ఆదివారం పూరీ మాత్రం మానలేనంటున్నారు, మైదా కలపకుండా గోధుమపిండితో ఇంట్లోనే చేస్తే ఏం కాదు కదా అని మీరు అడిగారు. తినొచ్చు, కానీ గోధుమపిండే కదా అన్న ధైర్యంతో తినొద్దు. 100 గ్రాముల గోధుమపిండిలో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే. మైదాలో ఇంకొంచెం ఎక్కువ, అంతే తేడా.

ఒక్కో పూరీకి 20 గ్రాముల పొడిపిండి పడుతుందనుకుంటే, అందులో 14 గ్రాములు పిండిపదార్థం. నాలుగు తింటే 56. పక్కన ఆలుగడ్డ కూర ఇంకో 15 కలుపుతుంది. పూరీలు లెక్కపెట్టుకునేవాళ్లు కూడా కూరను లెక్కలోకి తీసుకోరు. హన్మకొండలో ఏ టిఫిన్ సెంటర్‌కు వెళ్లినా కూర అయిపోగానే అడగకుండానే ఇంకో గరిటె వేస్తారు. ప్రేమతోనే వేస్తారు గానీ షుగర్ ఉన్నవాళ్లు చెయ్యి అడ్డం పెట్టాల్సిందే.

ఇక నూనె. నూనె నేరుగా షుగర్ పెంచదు, కానీ కొవ్వు వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, పిండి ఆలస్యంగా రక్తంలోకి చేరుతుంది. పొద్దున ఎనిమిదింటికి తిని, పదింటికి వేలు గుచ్చి షుగర్ చూస్తే 160 ఉండొచ్చు. పూరీ మనకు పడ్డదని సంబరపడతారు. అదే పన్నెండింటికి చూస్తే 220 ఉండొచ్చు. దాని మీద మళ్లీ అన్నం! అందుకే తినకముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలకు, నాలుగు గంటలకు చూసి కాగితం మీద రాసుకోండి. సాధారణంగా రెండు గంటలకు 180 దాటకూడదంటారు. నాలుగో గంటకు అంతకన్నా పెరిగిందంటే పూరీల సంఖ్య తగ్గించాలి. గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడవండి. వేలికి తీపి అంటుకుని ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, తడి ఉంటే తక్కువ చూపిస్తుంది.

రెండు పూరీలతో మొదలుపెట్టండి. ముందు కీరదోసకాయ ముక్కలు, ఉడికించిన గుడ్డో గట్టి పెసరపప్పో తిని, ఆ తర్వాత పూరీ ముట్టుకోవాలి. ఆలుగడ్డ బదులు సోరకాయ కూర చేయండి. పిండి గట్టిగా కలిపి 20 నిమిషాలు నాననివ్వండి. వత్తేటప్పుడు పొడిపిండి చల్లితే అది నూనెలో రాలి మాడుతుంది, కాస్త నూనె రాసి వత్తండి. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి, అప్పుడే పూరీ వేయాలి. నూనె సరిగ్గా కాగకపోతే పూరీ పొంగదు, నూనె పీల్చుకుంటుంది. మరిగించిన నూనెను మళ్లీ మళ్లీ మరిగించొద్దు. తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడవాలి, కూర్చుని టీవీ పెట్టుకుంటే లాభం లేదు.

పూరీ తింటున్నామని గోలీ సొంతంగా రెండు వేసుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోలీ వేసుకుని, పూరీలు అయ్యేదాకా ఆగితే షుగర్ పడిపోవచ్చు. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. అప్పుడు పూరీ పెడితే పనికిరాదు, అది మెల్లగా ఎక్కుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు వేయించిన తిండికి ఎప్పుడు, ఎంత తీసుకోవాలో డాక్టర్‌నే అడగాలి. పని త్వరగా ముగించే రకమైతే ముందు షుగర్ తగ్గి, తర్వాత పెరగొచ్చు.

పూరీ మానేసి సర్వపిండి తింటే మంచిదనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. నూనె తక్కువే, కానీ బియ్యప్పిండిలో 100 గ్రాములకు దాదాపు 80 గ్రాములు పిండిపదార్థం. పిండి తగ్గించి, సోరకాయ తురుము, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు బాగా కలిపి, గిన్నెకు పలుచగా అద్ది కాల్చండి. అమ్మగారికి అందులో సగం చాలు, ఆ పూట మళ్లీ అన్నం వద్దు.