డిస్టోపియా సిరీస్‌లను ఓపిక పట్టి చూస్తే ఫలితం దక్కుతుందా?

ప్రశ్న అడిగినవారు 'సైలో' అనే సిరీస్ రెండు ఎపిసోడ్లు చూసి ఆపేశారట. ఇటువంటి చీకటి భవిష్యత్తు కథలు ఇంత నెమ్మదిగా ఎందుకు సాగుతాయని, ఓపిక పట్టినవారికి చివర్లో ఏమైనా దక్కుతుందా అని అడుగుతున్నారు. దక్కుతుంది, కానీ చాలామంది ఆశించేది మాత్రం కాదు. చివరి ఎపిసోడ్‌లో పెద్ద రహస్యం బయటపడుతుందని, ఆ ఒక్క దెబ్బతో అన్ని గంటల విసుగూ తీరిపోతుందని ఎదురుచూసేవారు మొదట్లోనే మానుకోవడం మంచిది. ఆ రహస్యమేదో యూట్యూబ్‌లో ఎవరో ఒకరు పది నిమిషాల్లో విప్పి చెప్పేస్తారు. ఆ లోకపు కట్టుబాట్లకు పాత్రలతోపాటు చూసేవాళ్ళం కూడా మెల్లమెల్లగా అలవాటు పడిపోతాం. అలా పడిపోయామని ఒకానొక చోట మనకే తెలిసివచ్చి ఉలిక్కిపడతాం. నేను ఈ కథలు చూసేది ఆ ఉలికిపాటు కోసం, దానికి గంటలు ఖర్చుపెట్టక తప్పదు.

'సైలో'ను నేను మా మామగారితో కలిసి చూశాను. ఆయన విశాఖ ఉక్కు కర్మాగారంలో థర్మల్ పవర్ ప్లాంటు టర్బైన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు కూర్మన్నపాలెంలో మాతోనే ఉంటున్నారు. కథంతా భూమి లోపల 144 అంతస్తుల గొట్టంలో జరుగుతుంది. పదివేల మంది జనం, పైకీ కిందికీ తిరగడానికి నడుమ ఒకే ఒక మెలికల మెట్లదారి. మొదటి ఎపిసోడ్ సగానికి రాకముందే ఆయన కుర్చీలో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు. "ఏటి బాబూ, గంట బట్టీ ఆ మెట్లే ఎక్కుతున్నారు? ఇన్ని మిషన్లు నడుపుకుంటున్నోళ్ళు ఒక లిఫ్టు పెట్టుకోలేకపోయారేటి?" అన్నారు. రెండో ఎపిసోడ్‌లో నిద్రపోయారు. మీరు ఆపేసింది కూడా సరిగ్గా అక్కడే కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను.

మూడో ఎపిసోడ్‌లో జనరేటర్ మరమ్మతు వస్తుంది. అడుగు అంతస్తుల్లో, కింద నుంచి వచ్చే ఆవిరితో తిరిగే ఆ యంత్రం ఒక్కటే సైలో మొత్తానికి కరెంటు ఇస్తుంది. దానికి మారు యంత్రం లేదు. అది ఊగిపోతోంది, లోపల బ్లేడు దెబ్బతింది. ఆవిరిని ఎక్కువసేపు ఆపి ఉంచితే ఒత్తిడి పెరిగి అంతా పేలిపోతుంది కాబట్టి, పదివేల మందినీ చీకట్లో కూర్చోబెట్టి, దొరికిన కొద్ది వ్యవధిలోనే దాన్ని విప్పి సరిచేయాలి. ఆ శబ్దం వినగానే మామగారు కళ్ళు తెరిచారు. "బేరింగు పోయుండాల, లేకపోతే బ్లేడు," అని నాతో కాదు, టీవీతోనే అన్నారు. ఆ తరువాత గంటసేపు ఆయన పక్కకు చూడలేదు.

అయితే ఆయనకు కోపం వచ్చింది. వచ్చినది నెమ్మది మీద కాదు, తొందర మీద! టర్బైన్‌ను ఆపగానే అలా వదిలేయకూడదట. రోటర్, అంటే లోపల తిరిగే బ్లేడ్ల ఇరుసు, చల్లబడేదాకా దాన్ని బారింగ్ గేరు మీద చాలా నిదానంగా తిప్పుతూనే ఉండాలట, లేకపోతే పై భాగానికీ కింది భాగానికీ ఉన్న వేడి తేడా వల్ల, తన సొంత బరువు వల్ల అది వంగిపోతుందట. "చల్లారడానికే రోజులు పడతాది. అప్పటిదాకా మూత విప్పితే చెయ్యి కాలతాది, రోటరూ పోతాది. మేం షట్‌డౌన్ తీసుకుంటే కేసింగు విప్పడానికే ఎంత తతంగం! ఈళ్ళు అరగంటలో బ్లేడు సాపు చేసేస్తున్నారు," అని విసుక్కున్నారు. చేతిలో ఉన్న స్టీలు గ్లాసును అడ్డంగా పట్టుకుని, రెండు వేళ్ళతో మెల్లగా దొర్లిస్తూ, రోటర్ ఎలా తిరగాలో నాకు చూపించారు. గ్లాసు అడుగున మిగిలిన టీ సోఫా మీద పడింది, దాని గురించి మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

ఈ సంఘటన తరువాతే నాకు ఒక సంగతి గట్టిగా అనిపించింది. మెట్లు ఎక్కడం ఆయనకు విసుగు, రోటర్ నిదానంగా తిరగకపోవడం అపచారం. రెండో దాంట్లో ఏమి పణంగా ఉందో ఆయనకు తెలుసు, మొదటి దాంట్లో తెలియదు. నెమ్మదిగా సాగే కథలో మొదటి రెండు మూడు గంటలు చేసే పని ఇదే: ఆ లోకంలో దేనికి ఎంత విలువ ఉందో, ఏ మాట అంటే ప్రాణం పోతుందో, ఏ వస్తువు దాచుకుంటే నేరమో మనకు ఒంటబట్టించడం. 'బయటికి వెళ్ళాలని ఉంది' అన్న ఒక్క మాట నోరు జారితే నిజంగానే బయటికి, చావుకి పంపేస్తారని, ఇక వెనక్కి తీసుకోవడం కుదరదని తెలిసినవాడికి, ఒక పాత్ర నోరు తెరిచి ఆగిపోయినప్పుడు ఊపిరి బిగుసుకుంటుంది. తెలియనివాడికి అది నటి డైలాగు మరిచిపోయినట్టు కనిపిస్తుంది.

ఆ సీజన్ చివరికి వచ్చేసరికి ఒక రోజు మా అత్తగారు వచ్చి కూర్చుని, మామగారు అడిగిన ప్రశ్నే అడిగారు, లిఫ్టు ఎందుకు లేదని. ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, "లిఫ్టు పెడితే కిందోళ్ళు పైకొచ్చేస్తారు కదే," అన్నారు. కథలో ఆ మాట అంత సూటిగా ఎవరూ ఆయనకు చెప్పలేదు. వృద్ధురాలైన మేయరు అడుగుదాకా మెట్లు దిగి వెళ్ళే ప్రయాణమంతా చూసి, మోకాళ్ళ నొప్పులు చూసి, మధ్య అంతస్తుల్లో రాత్రి బసలు చూసి ఆయనే గ్రహించారు. పైవాళ్ళకూ కిందవాళ్ళకూ మధ్య వార్త చేరడానికి పట్టే సమయమే అక్కడ పాలకులకు పెద్ద బలం. కథను పరుగులు పెట్టించి ఉంటే ఈ సంగతిని ఒక పాత్ర చేత ఉపన్యాసంగా చెప్పించవలసి వచ్చేది, మనం విని మరిచిపోయేవాళ్ళం.

అలవాటు సంగతికి వస్తాను. సైలో పై అంతస్తులో ఒక క్యాంటీన్ ఉంది. దాని గోడ మీద పెద్ద తెరలో బయటి బోడి కొండ కనబడుతూ ఉంటుంది, ఆ కొండ మీద ఇంతకుముందు బయటికి వెళ్ళి కూలిపోయినవారి శవాలు పడి ఉంటాయి. మొదటి ఎపిసోడ్‌లో వాటిని చూసి నాకు ఒళ్ళు జలదరించింది. నాలుగైదు ఎపిసోడ్లు గడిచేసరికి ఆ తెర ముందు కూర్చుని భోజనం చేస్తున్నవారి మాటలు వింటున్నానే కానీ, వెనక ఉన్న శవాలు నా కంటికి ఆనడం లేదు. బయటికి పంపినవారు వెళ్ళే ముందు ఉన్నితో కెమెరా అద్దాన్ని తుడిచే ఆచారం ఒకటుంది. తుడవగానే లోపలివారు చప్పట్లు కొడతారు, దృశ్యం శుభ్రంగా కనబడుతోందని సంతోషిస్తారు. ఆ శుభ్రమైన దృశ్యంలో ఆ మనిషి కూలిపోవడం కూడా శుభ్రంగానే కనబడుతుంది.

విశాఖలో ఉండేవారికి ఈ తుడుపు మరీ కొత్తగా అనిపించదు. జ్ఞానాపురంలో మా అత్తగారి పుట్టింటికి వెళితే కిటికీ చట్రాల మీద, ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ళ బిందె మూత మీద పోర్టు నుంచి ఎగిరివచ్చే నల్లటి బొగ్గు పొడి పేరుకుని ఉంటుంది. పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ వేలికి అంటుతుంది. కొత్తగా వెళ్ళిన నేను దాని గురించి మాట్లాడుతుంటే, ఆ ఇంటివాళ్ళు నా మాట మధ్యలోనే గుడ్డ తెచ్చి కిటికీ తుడిచి, కాఫీ ఇచ్చి, వేరే సంగతిలోకి వెళ్ళిపోయారు. వాళ్ళకు అది పట్టింపు లేక కాదు. ఎన్నో ఫిర్యాదులు చేసి, ఎవరూ పట్టించుకోక, చివరికి ఆ తుడవడాన్ని ఇంటి పనుల్లో కలిపేసుకున్నారు. వేగంగా సాగే సినిమా ధూళిని చూపించగలదు. కానీ ఆ గుడ్డ పట్టుకున్న మనిషి లోపల ఏమి జరిగిందో చూపించాలంటే ఎపిసోడ్ల కొద్దీ సమయం కావాలి.

ఆఫీసు జ్ఞాపకాలనూ ఇంటి జ్ఞాపకాలనూ వేరుచేయించుకున్న ఉద్యోగుల కథ 'సెవరెన్స్' కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది, మరింత మొండిగా. తెల్లటి నడవాలు, నాలుగు బల్లలు, తెర మీద అంకెలు తప్ప తొలి గంటల్లో పెద్దగా ఏమీ ఉండదు. పని బాగా చేసినవారికి రబ్బరు, వేళ్ళు ఇరుక్కునే ఆటబొమ్మ, అందరికన్నా మిన్నగా చేసినవారికి వాఫుల్ విందు బహుమతి. మొదట నవ్వొస్తుంది. కొన్ని ఎపిసోడ్ల తరువాత ఆ విందు ఎవరికి దక్కుతుందా అని నేను నిజంగానే పందెం కాస్తున్నాను! మా అన్నయ్య కూతురు ఋషికొండ మీద ఒక ఐటీ ఆఫీసులో రాత్రి షిఫ్టు చేస్తుంది. నెలాఖరుకి టార్గెట్ దాటితే టీము మొత్తానికి పిజ్జా తెప్పిస్తారట. "బాబాయ్, మీరు దాన్ని కథ అంటున్నారు," అని నవ్వి ఊరుకుంది. 2022 ఏప్రిల్‌లో మొదటి సీజన్ ముగిస్తే రెండోది 2025 జనవరిలో వచ్చింది. నడుమ 2023లో హాలీవుడ్ రచయితల, నటీనటుల సమ్మెలు నడిచిన మాట నిజమే. కానీ మూడేళ్ళకు దగ్గరగా జనాన్ని వేళ్ళాడదీసి, నెలనెలా చందా మాత్రం వసూలు చేస్తూ ఉండటాన్ని ఓపిక పరీక్ష అనడానికి నా నోరు రాదు.

ఇక్కడే 'నెమ్మది' పేరుతో జరిగే మోసం గురించి కూడా చెప్పాలి. మార్గరెట్ అట్‌వుడ్ 1985 నాటి నవల ఆధారంగా 2017లో మొదలైన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' పిల్లల్ని కనడం కోసమే ఆడవాళ్ళను బానిసలుగా ఉంచే రాజ్యం కథ. దాని తొలి సీజన్, పది ఎపిసోడ్లు, నా దృష్టిలో ఈ రకం కథలకు కొలమానం. గోడకు ఉరితీసిన శవాల పక్క నుంచి ఇద్దరు ఆడవాళ్ళు సరుకుల సంచులతో నడిచి వెళుతూ పొడిపొడిగా మాట్లాడుకుంటారు, మనమూ కొన్నాళ్ళకు శవాలను వదిలేసి ఆ మాటల్లో దాగిన అర్థాలను వెతుక్కుంటాం. నవల దాదాపుగా ఆ సీజన్‌తోనే అయిపోయింది. తరువాత 2025 దాకా, మొత్తం ఆరు సీజన్లకు లాగారు. రెండో సీజన్ చివర్లో కథానాయిక తప్పించుకునే దారి కళ్ళ ముందే ఉండగా, పసిబిడ్డను మరొకరి చేతిలో పెట్టి తాను వెనక్కి తిరుగుతుంది. పెద్ద కూతురి కోసమని కారణం ఉంది, కాదనను. కానీ ఆ క్షణం నుంచి ఆమె పట్టుబడటం, తప్పించుకోవడం, కెమెరా ఆమె ముఖానికి చేరువగా వచ్చి ఆగిపోవడం ఒక తంతుగా మారింది. మన డైలీ సీరియల్‌లో ఒక్కో ముఖం మీదికి మూడుసార్లు దూసుకువచ్చే కెమెరాను వెక్కిరించేవాళ్ళు దీన్ని మాత్రం కళ అని మెచ్చుకుంటారు. నాకు తేడా కనబడలేదు. కొత్త కట్టుబాటు ఏదీ నేర్పకుండా, తెలిసినదాన్నే తిప్పి తిప్పి చూపిస్తున్నప్పుడు అది నెమ్మది కాదు, సాగదీత.

మన దేశంలో తీసిన 'లైలా' సంగతి దీనికి తలకిందులు. ప్రయాగ్ అక్బర్ నవల ఆధారంగా 2019లో ఆరు ఎపిసోడ్లుగా వచ్చింది. గోడలు కట్టుకుని విడిపోయిన కులాల, మతాల కాలనీలు, నీటి కరువు, కూతుర్ని వెతుక్కునే తల్లి. లోకాన్ని చక్కగా కట్టారు. వేసవిలో ట్యాంకర్ రాగానే బిందెలతో పరుగులు తీసే కాలనీల్లో ఉన్నవారికి ఆ నీళ్ళ సన్నివేశాలు వేరుగా తగులుతాయి. అయితే ఆ లోకానికి మనం అలవాటు పడేలోపే కథ నడిమధ్యలో తెగిపోయింది, రెండో సీజన్ రాలేదు. ఓపిక ఉన్నవారికి అక్కడ జరిగిన అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు.

ఒకటిన్నర రెట్లు వేగంతో చూసేవారికి కూడా ఒక మాట. మా ఆఫీసులో కుర్రాళ్ళు సగం మంది అలాగే చూస్తారు, చూసి "ఏమీ జరగలేదు సార్" అంటారు. మౌనాలను కత్తిరించుకుని చూస్తే ఏమి జరుగుతుంది? సైలోలో మెట్లు దిగే మనిషికి ఆయాసం రావాలి, ఆ ఆయాసం మనకు వినబడాలి. అది వినని మనిషికి లిఫ్టు ప్రశ్న పుట్టదు, పుట్టని ప్రశ్నకు జవాబు దొరకదు. సబ్‌టైటిళ్ళు మాత్రం తప్పక పెట్టుకోండి. 'సెవరెన్స్'లో తెల్లగోడల మీద తెల్లక్షరాలు కనబడక చస్తారు. సెట్టింగుల్లోకి వెళ్ళి అక్షరాల వెనక నల్లపట్టీ పెట్టుకోవచ్చు.

కాబట్టి మీరు 'సైలో' మూడో ఎపిసోడ్ చూడండి, అది కూడా రాత్రి ఇంట్లో దీపాలు ఆర్పి, శబ్దం కాస్త పెంచి. ఆ జనరేటర్ ఆగినప్పుడు మీకు కంగారు పుట్టకపోతే ఇక ఆ సిరీస్ మీది కాదు, నిక్షేపంగా మానేయండి. పుడితే మాత్రం మిగిలినవి వారానికి ఒకటి రెండు చొప్పున చూడండి. ఒకే రాత్రి కూర్చుని పూర్తిచేస్తే అలవాటు పడే వ్యవధి ఉండదు. 'హ్యాండ్‌మెయిడ్స్ టేల్' అయితే మొదటి సీజన్ చూసి, కథానాయిక వ్యాను ఎక్కిన దగ్గర ఆపేయండి. నవల కూడా ఆమెను అక్కడే వదిలేసింది.